జ్ఞానాంబ కొడుకు కోసం ఒక గంట

నాలుగు దాటి ఐదు నిమిషాలైంది, నేనింకా శౌరి పేరు పలకలేదు. మోకాళ్ల మీద ఉన్నాను, చేతిలో కొవ్వొత్తి ఉంది, ఎదురుగా పీఠం మీద దివ్యసత్ప్రసాదం, ప్రభువే ఉన్నాడని మేం మొక్కే అప్పం, ఉంది, గుడి మొత్తానికి నేనొక్కదాన్నే ఉన్నాను. పలకడానికి అడ్డం ఎవరు? ఎవరూ లేరు. రెండు అక్షరాల పేరు, పాలు తాగే పిల్లలైనా పలుకుతారు, నా నోటికే రావడం లేదు. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి నా దాకా రాదు, దాని కిందికి జరుగుదామంటే కొవ్వొత్తి ఆరిపోతుందని భయం. బయట హైవే మీద మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా వరస కట్టి ఉన్నాయి. బంగారుపాళ్యంలో జూన్ నెలంతా ఇదే గోల, హారన్లు, డ్రైవర్ల తిట్లు, మాగిన తోతాపురి వాసన. ఆ వాసన గుడిలోకి కూడా వచ్చేస్తుంది, దేవుడి ముందు కూర్చున్నా నోట్లో నీళ్లూరుతాయి. శౌరికి తోతాపురి అంటే ప్రాణం, ఉప్పూ కారం అద్దుకుని పచ్చిదే తినేవాడు. చూశారా, వాడు ఏం తింటాడో గుర్తొస్తుంది, వాడి కోసం ప్రార్థన మాత్రం రాదు.

ఎల్లుండి శనివారం వాడికి గురుపట్టాభిషేకం. మేత్రాణులు, అదే బిషప్పుగారు, వచ్చి తల మీద చేతులు పెడతారు, జ్ఞానాంబ కొడుకు శౌరిరాజు ఫాదర్ శౌరిరాజు అయిపోతాడు. మా విచారణలో, ఈ గుడి కింది ఊళ్లన్నిట్లో, పుట్టి ఫాదర్ అవుతున్న మొదటివాడు. అందుకని తొమ్మిది రోజుల గొలుసు ప్రార్థన పెట్టారు, పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాకా గంటకొక ఇల్లు. గంట అయిపోయినవాళ్లు వెలిగే కొవ్వొత్తిని తర్వాత వచ్చినవాళ్ల చేతికి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు ఇద్దరూ ఆ కొవ్వొత్తిని పట్టుకుని అబ్బాయి పేరు పైకి చెప్పి ప్రార్థించాలి, గొలుసు తెగకూడదు. ఈ గురువారం నాలుగు నుంచి ఐదు నాది. ఐదు నుంచి ఆరు జ్ఞానాంబది. ఎవరు రాశారో ఆ పట్టీ, నా వెనకాలే ఆమెను వేశారు, నా చేతి కొవ్వొత్తి ఆమె చేతిలోకి పోవాలని. గుడి పనులు చూసే ఉపదేశి రాసి ఉంటాడు. ఆయనకు ఇలాంటివి తోచవు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ పేరు వేసి ఉంటాడు, కానీ నాకు మాత్రం కావాలనే చేసినట్టుంది. ఈ మధ్య నాకు అన్నీ కావాలనే చేసినట్టున్నాయి.

జ్ఞానాంబ నడక మారింది. మీరు చూసినా చెబుతారు. ఆహ్వాన పత్రికలు అచ్చయి వచ్చిన రోజు నుంచి ఆమె పాదం నేల మీద పడే తీరే వేరు. ఆదివారం పూజకు ముందు వరసలో కూర్చుంటుంది, ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమననూ లేదు. నిన్నటి దాకా జ్ఞానాంబక్కా అన్నవాళ్లంతా ఇప్పుడు ఫాదర్ వాళ్లమ్మ అంటున్నారు. ఆ పిలుపు నాకు కొత్తదేం కాదు. ఎనిమిదేళ్లు నన్నూ పిలిచారు. మా దయానంద్ ఫాదర్ చదువుకు గురుమఠంలో ఉన్నన్నాళ్లూ నేను కుట్టుమిషను ముందు కూర్చుంటే జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్లు ఫాదరమ్మా, బిడ్డ తల మీద చెయ్యి పెట్టు, జ్వరం తగ్గుతుంది అనేవాళ్లు. నవ్వుతూనే అన్నా నేను నిజంగానే చెయ్యి పెట్టేదాన్ని. ఇప్పుడు అదే ఆడవాళ్లు జాకెట్లు ఇచ్చి కొలతలు చెప్పి వెళ్లిపోతున్నారు. చెయ్యి అదే, బిడ్డ అదే, జ్వరం కూడా అదే.

పన్నెండేళ్ల క్రితం ఇదే జూన్‌లో ఇద్దరినీ ఒకే బస్సు ఎక్కించాం. ఇద్దరూ పదో తరగతి, ఇద్దరివీ ఒకే అంగట్లో కొన్న రేకు పెట్టెలు, మా దయాది నీలం, వాళ్ల శౌరిది పచ్చ. దయా నవ్వుతూ ఎక్కాడు, శౌరి ఏడుస్తూ ఎక్కాడు. నేను ఆ రోజే అనుకున్నాను, ఏడ్చేవాడు నాలుగు నెలల్లో తిరిగొస్తాడు, నా కొడుకు నిలబడతాడు అని. అప్పుడున్న ముసలి ఫాదర్, పుణ్యాత్ముడు, పోయాడిప్పుడు, ఆ ఆదివారం మా ఇద్దరినీ పీఠం దగ్గరికి పిలిచి, కన్నతల్లి కొడుకు కోసం చేసే ప్రార్థనలో కన్నతల్లి ఆశ కలుస్తుంది, అది కలవకూడదు, మార్చుకోండి అన్నాడు. ఇక నుంచి జ్ఞానాంబ కొడుకు కోసం నేను, నా కొడుకు కోసం జ్ఞానాంబ. ప్రార్థన తల్లులు అని పేరు పెట్టాడు. మాలాంటివాళ్లకు కొడుకును దేవుడికి ఇవ్వడమే ఒక కోత అనుకుంటే, వాడి కోసం ప్రార్థన చేసే హక్కు కూడా పక్కింటామెకు ఇచ్చేయమన్నాడు. జ్ఞానాంబ మరుమాట లేకుండా తలూపింది. నేనూ ఊపాను. ఇద్దరు తల్లులూ తలూపితే ఎవరి తల ఎందుకూగిందో ఫాదర్‌కు ఎలా తెలుస్తుంది?

మొదటి రెండు వారాలూ మాట ప్రకారమే నడిచాను, అబద్ధం ఎందుకు. సాయంత్రం జపమాల అయ్యాక ప్రభువా, శౌరిరాజును కాపాడు, వాణ్ణి నీ పీఠం దాకా నడిపించు అనేదాన్ని. మూడో వారం దయాకు జ్వరమని ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రం శౌరి పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నా బిడ్డ మంచం మీద పడి ఉంటే నేను ఇంకొకరి బిడ్డకు ఆరోగ్యం అడగాలా? వాడి కోసం జ్ఞానాంబ చేస్తుంది కదా అంటారు. జ్ఞానాంబా? కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండని మనిషి, గొర్రెలకు నీళ్లు పెట్టడం మరిచి సంతకు పోయే మనిషి, ఆమెకు నా కొడుకు గుర్తుంటాడా? ఆ రోజు శౌరి పేరు చోట దయానంద్ అన్నాను. జ్వరం తగ్గింది. తగ్గిందా, ఇక మార్చడానికి భయం వేసింది. మర్నాడూ దయానంద్ అన్నాను. ఆ మర్నాడూ. పన్నెండేళ్లు గడిచిపోయాయి. నా నాలుక మీద ఆ ప్రార్థనలో ఆ చోట ఇంకో పేరుకు ఖాళీ లేదు. దీన్ని పాపసంకీర్తనంలో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబుదామనుకునేదాన్ని, తెర అవతల ఫాదర్ దగ్గినప్పుడల్లా చిన్న చిన్న పాపాలు నాలుగు చెప్పి లేచి వచ్చేసేదాన్ని.

శౌరి ఉత్తరాలు రాస్తాడు, అదీ బాధ. గురుమఠంలో పిల్లలు ప్రతి క్రిస్మస్‌కూ ప్రార్థన తల్లికి ఉత్తరం రాయాలి, అది పద్ధతి. దయా జ్ఞానాంబకు రాసేవాడు, శౌరి నాకు. అందరూ నాలుగు వాక్యాలు రాసి పంపుతారట, వీడు పేజీలు పేజీలు రాశాడు. అమ్మా అని మొదలుపెడతాడు. మీ ప్రార్థన వల్ల గ్రీకు పరీక్ష గట్టెక్కాను అమ్మా. పచ్చకామెర్లు వచ్చి పదహారు రోజులు పడుకున్నాను, మీరు చేస్తున్నారని తెలుసు కాబట్టి భయం లేదు అమ్మా. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి, మిషను బెల్టు మార్పించారా. నా కడుపున పుట్టినవాడు ఏనాడైనా మిషను బెల్టు సంగతి అడిగాడా? లేదు. ఆ ఉత్తరాలు చదివి ఒళ్లు మండేది. కామెర్లు వచ్చింది నేను ప్రార్థన చేయనందుకా, తగ్గింది ఎవరు చేసినందుకు, ఏం రాస్తున్నావురా పిచ్చివాడా అనిపించేది. మళ్లీ తీసి చదువుకునేదాన్ని. అంత మంచిగా రాసేవాడు నా కొడుకు కాకపోయాడే అని ఒక ఏడుపు, అంత మంచివాణ్ణి మోసం చేస్తున్నానే అని ఇంకో ఏడుపు. ఆ రెండిట్లో మొదటిదే పెద్దది, దేవుడి ముందు దాచడం ఎందుకు. పన్నెండు ఉత్తరాలు మిషను సొరుగులో దారపు ఉండల కింద ఉన్నాయి.

నాలుగూ ఇరవై. మోకాళ్లు సహకరించడం లేదు, బెంచీ మీద కూర్చున్నాను. మా ఆయన సుందరరాజు ఇందాక సైకిలు మీద దింపుతూ, "బాగా సెయ్యి మే, వాడూ మన సేతుల్లో పెరిగినోడే గదా" అన్నాడు. ఆయనకు ఏమీ అంటదు. దయా వచ్చేసిన రోజు కూడా అన్నం కలుపుతూ, వచ్చినాడా, సరే, తినమను అన్నాడు, అంతే. ఆ రోజు నాకు గీత గీసినట్టు గుర్తుంది. మధ్యాహ్నం బస్సు, ముందు వీడు దిగాడు, తల దించుకుని. వెనకాల నీలం పెట్టె పట్టుకుని జ్ఞానాంబ దిగింది. నా కొడుకు పెట్టె ఆమె చేతిలో ఉంది! చిత్తూరు బస్టాండు దాకా పోయి తీసుకొచ్చిందట. అంటే ఆమెకు ముందే తెలుసు. ఎలా తెలుసురా అని అడిగితే, "పెద్దమ్మకు ఉత్తరంలో రాసినానమ్మా, ఆర్నెల్ల ముందే" అన్నాడు. ఆర్నెల్లు. ఆర్నెల్లుగా నా బిడ్డ మనసు ఆమె ఇంట్లో ఉంది, నేను ఇక్కడ ఫాదరమ్మనని చేతులు పెట్టి జ్వరాలు తగ్గిస్తున్నాను. వాడు గురుమఠం వదిలి రావడం కంటే ఆ మాట ఎక్కువ కోసింది. నాకెందుకు చెప్పలేదురా అంటే, "నీకు సెప్తే నువ్వు సచ్చిపోతావనుకున్నానమ్మా" అన్నాడు. చావలేదు. ఇదిగో, బతికి కుళ్లుతున్నాను.

వాడు ఇప్పుడు తడ దగ్గర ఏదో కంపెనీలో షిఫ్టు పని చేస్తున్నాడు. నలుగురితో కలిసి గది. సంతోషంగా ఉన్నాడు, నాకు అదే మింగుడు పడదు. కాస్త దిగులుగా ఉన్నా ఓర్చుకునేదాన్ని, పశ్చాత్తాపపడుతున్నాడులే అనుకునేదాన్ని. ఫోన్ చేస్తే నవ్వు వినిపించాకే మాట వినిపిస్తుంది. మొన్న చేసి, "అమ్మా, శనివారం వంటల పని నాదే, నాలుగొందల మందికి, శౌరిగాడు నా మీదే పెట్టినాడు" అన్నాడు. అక్కడ శౌరి తెల్ల అంగీ వేసుకుని పీఠం ముందు బోర్లా పడుకుంటాడు, అందరూ పునీతుల ప్రార్థన పాడతారు, ఇక్కడ గుడి వెనకాల నా కొడుకు గరిటె పట్టుకుని చెమటలు కారుస్తూ బిర్యానీ దించుతాడు. వాడికి అందులో చిన్నతనమే కనిపించడం లేదు. నీకెట్లా ఉండాది రా లోపల అని అడిగాను. "బాగుండాదమ్మా" అన్నాడు. నిజంగానే బాగుంది వాడికి. ఆ బాగు వినలేక ఫోన్ మా ఆయన చేతికిచ్చేశాను.

సంచిలో శౌరి కోసం కుట్టిన గుడ్డ ఉంది. తీసి చూడకూడదనుకున్నాను, చెయ్యి లోపలికి పోయింది. తెల్ల నార గుడ్డ, మూరన్నర. పట్టాభిషేకంలో మేత్రాణులు కొత్త ఫాదర్ అరచేతులకు పరిమళ తైలం పూస్తారు, ఆ చేతుల్ని ఒక గుడ్డతో చుట్టి కడతారు. ఆ గుడ్డను తర్వాత తల్లికి ఇస్తారు. తల్లి దాన్ని ఉతకదు, నూనె మరకతోనే మడిచి దాచుకుంటుంది. ఆమె చనిపోయినప్పుడు శవపెట్టెలో ఆమె చేతులకు ఆ గుడ్డే చుడతారు. పైన వాకిట్లో నువ్వెవరు అని అడిగితే చేతులు చూపిస్తే చాలట. ఈ సంగతి ఆ ముసలి ఫాదరే చెప్పాడు, ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నా పెళ్లి చీర, తెల్ల చీర, దాని కొంగు వైపు మూరన్నర కోసి అంచు కుట్టి, మూలల్లో ద్రాక్ష గుత్తులు వేసి పెట్టుకున్నాను. అప్పటికి దయా గురుమఠానికి పోయి నాలుగు నెలలు. జీవితంలో నేను ఇంకేం అడగలేదు. ఇల్లు అడగలేదు, నగలు అడగలేదు, చచ్చాక చేతులకు ఆ గుడ్డ అడిగాను. అది ఇప్పుడు బీరువాలో అట్టడుగున పడి ఉంది, నూనె చుక్క తగలని గుడ్డ. పోయిన నెల జ్ఞానాంబ చిత్తూరులో నార గుడ్డ కొనుక్కొచ్చి, "రూతూ, నీ సేత్తోనే కుట్టాల, నువ్వే గదా వాణ్ణి నిలబెట్టింది" అంది. తీసుకున్నాను. వంకరగా కుడదామనుకున్నాను. దారం ఎక్కించాక చేతికి కుళ్లు ఏం తెలుస్తుంది, అది దాని పని చేసుకుపోయింది. నాలుగు మూలలా నాలుగు ద్రాక్ష గుత్తులు వచ్చాయి. పెళ్లి చీర గుడ్డ మీద కుట్టినవాటి కంటే ఇవే బాగున్నాయి.

నాలుగూ ముప్పై ఐదు. ఇప్పుడైనా అనాలి. ప్రభువా, అన్నాను పెదాలతో. ప్రభువా, జ్ఞానాంబ కొడుకును... అన్నాను. పేరు లేకుండా అంటే చెల్లుతుందా? దేవుడికి తెలియదా జ్ఞానాంబ కొడుకెవరో. కానీ పేరు పెట్టి అడగమన్నారు. శ దగ్గరికి వచ్చేసరికి నాలుక పళ్లకు అతుక్కుంటోంది. అప్పుడు ఒక లెక్క తట్టింది, పన్నెండేళ్లలో ఎందుకు తట్టలేదో మరి. నేను దయా కోసం చేశాను. జ్ఞానాంబ కూడా మాట ప్రకారం దయా కోసమే చేసింది. ఇద్దరు ఆడవాళ్లు మోకాళ్లరిగేలా ఒకే పిల్లవాడి కోసం చేశారు, వాడు బస్సు దిగి వచ్చేశాడు. మరి శౌరి కోసం ఎవరు చేశారు? తల్లి చేయకూడదన్నారు, జ్ఞానాంబ మాట తప్పే మనిషి కాదు. నేను చేయలేదు. పన్నెండేళ్లు ఆ పిల్లవాడి వెనకాల ఎవరూ లేరు. కామెర్లతో పదహారు రోజులు మంచం మీద ఉండి, మా ఊళ్లో ఒక అమ్మ నా కోసం మోకాళ్ల మీద ఉంది అనుకున్నాడు. ఆ అమ్మ లేదు. ఒళ్లు చల్లబడింది. జాలితో అనుకునేరు, జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మంటే. ఎవరూ అడగకుండానే వాడికి ఇచ్చావు కదా ప్రభువా, నేను అడిగి అడిగి నోరెండిపోతే నాకు ఇవ్వలేదు కదా.

చెప్పుల చప్పుడు. ఐదుకు ఇంకా పది నిమిషాలుంది, జ్ఞానాంబ వచ్చేసింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పవిత్ర జలంతో సిలువ గుర్తు వేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ముందు వరసకు పోలేదు. నడకలో కూడా ఆ మధ్య చూసిన నడక లేదు, పాత జ్ఞానాంబే, గొర్రెలకు నీళ్లు మరిచిపోయిన జ్ఞానాంబ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి, "రూతూ, వాడికి బయంగా ఉండాదంట" అంది.

"ఎవురికి?"

"శౌరికి. పొద్దున ఫోన్ సేసి ఏడ్సినాడు. శనివారం నావల్ల కాదేమోమా అంటా ఉండాడు. ఈ సేతులతో ఎట్లా పట్టుకునేదిమా ప్రభువుని అంటాడు. నేనేం సెప్పేది, నాకేం తెలుసు."

నాకు సంతోషం కలిగింది. ఇది చెప్పుకోవాల్సిన మాట కాదు, కానీ కలిగింది, గుడిలోనే, దివ్యసత్ప్రసాదం ముందే. లోపల ఏదో లేచి కూర్చుంది. వాడూ రావచ్చు. ఆ పచ్చ పెట్టె కూడా బస్సు దిగవచ్చు. పత్రికలు అచ్చయ్యాయి, పందిరి గుంజలు పాతారు, అయినా రావచ్చు, అప్పుడు ఈమె కూడా నాలాగే జాకెట్టు కొలతల మనిషి అయిపోతుంది, ఇద్దరం ఒకటే అయిపోతాం. ఎంతసేపు ఉందో ఆ సంతోషం, కొవ్వొత్తి మైనం ఒక చుక్క జారి వేలి మీద పడేంత సేపు ఉండి ఉంటుంది. జ్ఞానాంబ ఇంకా మాట్లాడుతోంది. "నీ పేరు సెప్పినాడు రూతూ. రూతమ్మ సేస్తా ఉండాది గదా, అదొక్కటే దైర్యం మా, ఆయమ్మను ఈ రెండు దినాలు ఇడవొద్దని సెప్పు అన్నాడు." చేత్తో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేలి మీద మైనం గట్టిపడింది, గీకలేదు.

గోడ గడియారం ఐదు కొట్టింది. ఇద్దరం లేచి పీఠం ముందుకు పోయి మోకాళ్లూనాం. నేను కొవ్వొత్తి చాపాను, ఆమె పట్టుకుంది, నాలుగు చేతులు ఒకే కొవ్వొత్తి మీద ఉన్నాయి. పైకి చెప్పాలి, ఇద్దరం కలిసి. ఇప్పుడు నోరు తెరిస్తే వస్తుంది, రావాలి, వాడు ఏడుస్తున్నాడట అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఈసారి మనస్ఫూర్తిగా. ప్రభువా, అన్నాం. నీవు పిలుచుకున్న మా బిడ్డ, అన్నాం.

"శౌరిరాజును" అంది జ్ఞానాంబ.

"దయానంద్‌ను" అన్నాను నేను.

రెండు పేర్లూ గుడిలో గట్టిగా వినిపించాయి. నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు, ప్రార్థన చివరి దాకా ఒక్కతే చెప్పి ఆమెన్ అంది. తర్వాత నా వైపు తిరిగింది. నోరు జారింది అని చెప్పవచ్చు, ఎవరైనా నమ్ముతారు, తల్లి నోరు కన్నకొడుకు పేరే పలుకుతుంది కదా. కానీ ఆ పేరు నా నోట్లోంచి జారినట్టు రాలేదు, రోజూ నడిచే దారిలో కాలు పడినట్టు వచ్చింది. ఉప్పు గుర్తుండని మనిషే అయినా అది ఆమెకు తెలిసిపోయింది.

"పన్నెండేండ్లూనా?" అంది.

తలూపాను. పన్నెండేళ్ల క్రితం ఇక్కడే తలూపాను.

ఆమె కొవ్వొత్తి వైపు చూసింది. చేత్తో కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననిపించింది. సంచి లోంచి గుడ్డ తీసి ఇచ్చాను, ఇంకేం చేయాలో తోచక. మూలల్లో ద్రాక్ష గుత్తుల మీద బొటనవేలితో రాసింది. చాలాసేపు రాసింది. తర్వాత దాన్ని మడిచి రవికలో పెట్టుకుని, "శనివారం దాకా వాడికి సెప్పబాక" అంది. గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు సేస్తా ఉండావనే వాడు నిలబడుండాడు." ఆపై కొవ్వొత్తిని నా చేతిలోకి తిరిగి తోసింది. వేడి మైనం ఇద్దరి మీదా పడింది. "నా గంట గూడా నువ్వే తీసుకో. ఇంగా రెండు దినాలుండాది. సెయ్యి."

"నువ్వు ఇంటికి పోతావా అక్కా?"

"యాడికి పోయేది? మీవోనిది ఈ పొద్దు ఇంగా కాలేదు నాకు."

నాకు అర్థం కాలేదు. వాడు వచ్చేసి నాలుగేళ్లయింది. నాలుగేళ్ల క్రితమే ఆ ప్రార్థన అయిపోయిందనుకున్నాను. వాడొచ్చేసినాక కూడానా అక్కా అని అడిగాను.

"వాడొచ్చేస్తే వాడు లేకుండా పొయినాడా?" అని జ్ఞానాంబ కళ్లు మూసుకుంది.

ప్రభువా, అన్నాను. కొవ్వొత్తిని రెండు చేతులతో పట్టుకున్నాను. శౌ, అన్నాను. శౌరి, అన్నాను. శౌరిరాజు. వాడికి భయంగా ఉందట. వాణ్ణి నీ పీఠం దాకా నడిపించు అనబోయి ఆగాను, అది పాత మాట, నడిపించడం సంగతి నువ్వు చూసుకో, ముందు వాడి భయం తీసెయ్యి అన్నాను. కుళ్లు పోయిందని చెప్పను. అది ఉండగానే అన్నాను, అది పోయేదాకా ఆగితే శనివారం దాటిపోతుంది. పక్కన జ్ఞానాంబ పెదాలు కదులుతున్నాయి. దయానంద్, అంటోంది. తడుముకోవడం లేదు, తడబడటం లేదు, పన్నెండేళ్లు రోజూ అన్న పేరును ఎలా అంటారో అలా అంటోంది, నా కొడుకు పేరు ఆమె నోట్లో నా నోట్లో కంటే మెత్తగా ఉంది. శౌరి పేరు పట్టుకుని నేనింకా తంటాలు పడుతూనే ఉన్నాను, అది విని నాకు మళ్లీ కుళ్లు పుట్టింది.